దూప తెలిసిన సగం

మల్లెతోట పూయాలంటే ముందు దాన్ని చావు అంచుదాకా నడిపించుకుపోవాలి. పుష్యమాసంలో నీళ్లు బంద్ పెట్టాలి. మేకలను తోలి ఆకంతా మేపాలి. మిగిలిన కొమ్మలను కత్తెరతో కురచ చేయాలి. ఆ తర్వాత నెల, నెలన్నర చేతులు కట్టుకుని కూర్చోవాలి. దూపకు, అంటే దాహానికి, చెట్టు తల్లడిల్లిపోవాలి. ఇక అయిపోయింది అనుకున్న చెట్టే మాఘం చివర నీళ్లు తగలగానే ఒళ్లంతా మొగ్గ తొడుగుతుంది. మధ్యలో జాలిపడి నీళ్లు పెట్టామా, ఆకు మాత్రం కప్పుకుని ఆ ఏడాదికి హాయిగా పడుకుంటుంది.

జూలూరుపాడు పక్కన ఎకరం కౌలు నేలలో ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్నది ఇదే. పేరు సలీం. గొంతు పెద్దది. సంతలో నేను బేరం మొదలుపెడితే పక్క ఊరివాళ్లు కూడా ధర తెలుసుకుంటారు. నా భార్య పేరు గులాబ్ బీ. గులాబీని ఇంట్లో పెట్టుకుని మల్లెలు అమ్ముకునేవాణ్ని జిల్లాలో నేనొక్కణ్నే అని చెప్పుకుని తిరిగేవాణ్ని. ఒకసారి పూసి ఊరుకుంటే మల్లె ఎందుకవుతుంది, మళ్లీ మళ్లీ పూస్తేనే మల్లె అనేవాణ్ని. జనం నవ్వేవాళ్లు. నవ్వకపోతే నేనే నవ్వేవాణ్ని.

పోయిన ఎండాకాలం గులాబ్ బీ కిడ్నీలు రెండూ పనిచేయడం మానేశాయి. దసరా వెళ్లాక తుపాను వానకు వాగు పొంగి తోట తొమ్మిది రోజులు మోకాలి లోతు నీళ్లలో నిలబడింది. ఇంట్లో మనిషికేమో రోజుకు ఒక్క లీటరుకు మించి నీళ్లు పోయకూడదని డాక్టరు చెప్పాడు. చాయ్, చారు, మందుబిళ్ల మింగే గుక్క, అన్నీ ఆ లీటరులోనే. తోటకేమో ఎవరూ అడగకుండానే వాగు మొత్తం తెచ్చి పోసింది.

బలరాం మేకలతో వచ్చినరోజు గులాబ్ బీ గడపలో కూర్చుని ఉంది. మా రెండు గదుల రేకుల ఇల్లు తోట అంచునే.

"సలీం భాయ్, ఈసారి మేపుడు అవసరమా?" అన్నాడు బలరాం. "సగం ఆకు నీళ్లకే రాలె. నా మేకలు ఉపాసం ఉండుడే."

"ఉన్నకాడికి మేపు. నీ మేకలు మే మే అంటయి గద, అది ఇని మా తోట సిగ్గుపడి మే దాకా ఆగకుండ ఏప్రిల్‌లనే పూస్తది."

బలరాం నవ్వాడు. వెనక నుంచి పిలుపు వచ్చింది.

"సుమేరా అబ్బా, జర ఇటు రా."

సుమేరా మా కూతురు. కారేపల్లిలో అత్తగారింట్లో ఉంది. భర్తను పేరుపెట్టి పిలవదు కాబట్టి గులాబ్ బీకి నేను ఎప్పటికీ సుమేరా అబ్బానే, అంటే సుమేరా నాన్ననే.

"మునిగి బతికినదాన్ని మళ్ల ఎండబెడతవా?" అంది.

"ఎండబెట్టకుంటే పూయది బీ. నీకు తెల్వనిదా?"

"తెలిసే అడుగుతున్న. తొమ్మిది దినాలు నీళ్లల్ల నిలబడ్డది. వేరు ఎట్లున్నదో ఏమో. ఈ ఒక్క ఏడు ఇడిసిపెట్టు."

"ఇడిసిపెడితే సంవత్సరం పొడుగునా పువ్వు లేదు. ఎండుడు వేరు, ఎండ్ వేరు. భయపడకు."

ఆమె నవ్వలేదు. మేకలు మొదటి వరుసలో తలలు దూర్చడం చూస్తూ, "నన్నుగూడ గిట్లనే పూయిస్తవా?" అంది.

ఆమెకు నీళ్లు తాగే వీల్లేదు. నాకు ఆ పూట నీళ్లు నమలడమే పనైంది.

నాలుగు రోజుల తర్వాత భూమి యజమాని చెంచురామయ్య వచ్చాడు. ఆయన తండ్రి కృష్ణాజిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నాడు. ఈయన ఇక్కడే పుట్టి, ఇక్కడే జుట్టు తెల్లబడినా మాటలో ఆ వైపు పోలేదు. మంచివాడు. ఇరవై రెండేళ్లలో నన్ను ఒక్క కఠినమైన మాట అన్నది లేదు. గట్టు మీద నిలబడి, బోడి కొమ్మలను అటునుంచి ఇటు చూశాడు.

"ఏమయ్యా సలీం, ఇది తోటా, కట్టెల అడితా?"

"దూపకొచ్చింది పటేలా. గంతే."

"ఏటా చూస్తున్నదేలే. కానీ ఏటా ఇంత అన్యాయంగా లేదు. చుట్టూ అందరూ పామాయిల్ పెట్టేశారు. మధ్యలో నాదొక్కటే గుండు కొట్టించుకున్నట్టుంది. నేనూ మొక్కలు చెప్పిపెట్టాను."

"మీకది పామాయిలు పటేలా. నాకు మాత్రం పామే ఆయె."

ఆయన పడీపడీ నవ్వాడు. నవ్వినవాడు కాదనలేడని నా లెక్క. ఆ లెక్కమీదే ఇన్నేళ్లు కౌలు నిలబెట్టుకుంటూ వచ్చాను. ఈసారి ఆయన కళ్లు తుడుచుకున్నాక కూడా కదల్లేదు.

"నీ మాటలకేంగానీ, శివరాత్రికి వస్తాను. ప్రాణం ఉన్నట్టు కనపడితే ఉంచుదాం. లేకపోతే గుంతలు తీయించాల్సిందే. ఊరికే ఆశ పెట్టుకోకు, నీళ్లొదిలేసుకో."

"నీళ్లొదులుడు మాఘం ఆఖర్లనే పటేలా. ఇప్పుడే ఒదిలితే పూత పోతది."

మళ్లీ నవ్వాడు. ఆయన బండి మలుపు తిరిగేదాకా నేనూ నవ్వుతూనే ఉన్నాను. తిరిగాక దవడలు నొప్పి పుట్టాయి.

వారానికి మూడు రోజులు కొత్తగూడెం దవాఖానా. పొద్దున మొదటి బస్సు, మిషను మీద నాలుగు గంటలు, మళ్లీ బస్సు. మొదటి నెలల్లో ఆ వార్డుకు నేనే వినోదం. డయల్ చేస్తే సిస్టర్ వస్తుంది కాబట్టి డయాలసిస్ అన్నారని చెబితే ఎనిమిది మంచాలూ నవ్వాయి. అందరికన్నా గట్టిగా మూడో మంచం మీది గోపాలు సారు నవ్వేవాడు. రిటైరైన లెక్కల టీచరు. "సలీంగారూ, ఇవాళ స్టాకేముంది?" అని నేను లోపలికి రాకముందే అడిగేవాడు.

జనవరి రెండో వారంలో మూడో మంచం మీద వేరే ఎవరో పడుకుని ఉన్నారు. గోపాలు సారు ఏడని నేను అడగలేదు. ఎవరూ చెప్పలేదు.

సిస్టర్ సరళ గులాబ్ బీని తూకం మిషను ఎక్కించి పెదవి విరిచింది. "మూడు కిలోలు ఎక్కువున్నవ్ గులాబమ్మా. నీళ్లు తాగుతున్నవా?"

"లేదు బిడ్డా. సీసా చూపిస్త, చూడు."

"కూరల రసం?"

"రసం పిండుకునే తింటున్న."

"మరి యాడికెళ్లి వస్తుందమ్మా బరువు?"

గులాబ్ బీ నావైపు చెయ్యి చూపించింది. "ఈయన మాటలకెళ్లి."

సరళ నవ్వింది, నేనూ నవ్వాను. తిరుగు బస్సులో గులాబ్ బీ కిటికీకి తల ఆనించి నాలుకతో పెదవులు తడుపుకుంటూ కూర్చుంది. మా ముందు సీటులో ఒకామె నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగుతోంది. మా ఊరొచ్చేదాకా గులాబ్ బీ ఆ సీసా మీంచి చూపు తిప్పలేదు. అలసిపోయిన మనిషిని నవ్వించడం నాకు వచ్చు. నేనే అలసిపోతే ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు.

తోటకు నీళ్లు ఆపి పందొమ్మిదో రోజు మందుల కోసం ఒక్కణ్నే కొత్తగూడెం వెళ్లి మధ్యాహ్నం తిరిగొచ్చాను. రోడ్డు మీద దిగగానే మోటారు చప్పుడు వినిపించింది. పక్క పొలంలోదేమో అనుకున్నాను. దగ్గరికొచ్చేకొద్దీ అది మాదే.

గులాబ్ బీ కాలువ గట్టు మీద కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్లు మోకాళ్లదాకా ఎత్తి కాళ్లు నీళ్లలో పెట్టింది. తోటలో నలభై వరుసలు. పడమటివైపు ఇరవై వరుసలు నిండి, పాదుల్లో నీళ్లు తళతళలాడుతున్నాయి. ఎండి నెర్రెలిచ్చిన నేల ఆ నీళ్లను చప్పరిస్తుంటే చప్పుడు పైకి వినిపిస్తోంది.

"మోటారు ఎవరేసిన్రు?" అన్నాను. అడగాల్సిన అవసరం లేదు, అయినా అడిగాను.

"నేనే." ఆమె నన్ను చూసి నోరు తెరిచి నాలుక చూపించింది. తెల్లగా, అట్టలా ఎండి ఉంది. "నేను తాగలే, చూసుకో. ఒక్క చుక్క గూడ తాగలే."

"మరి?"

"అది తాగుతుంటే చూసిన. గంతే. మస్తు సల్లగనిపించింది."

వెళ్లి స్టార్టరు బంద్ చేసి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. కాలువలో నీళ్లు మెల్లగా తగ్గాయి. ఆమె పాదాలు బయటపడ్డాయి.

"ఇంకా తూర్పుదిక్కు సగం ఉన్నది," అంది. "ఎందుకు బంద్ చేసినవ్?"

"కరెంటు పోయింది."

ఇంట్లో ఫ్యాను తిరుగుతూ గడపలోంచి కనిపిస్తోంది. ఆమె దాన్ని చూసింది. "అవ్, పోయింది," అని లేచింది.

నీళ్లు తాగిన పన్నెండో రోజుకల్లా పడమటి సగం చిగురించింది. లేతాకుపచ్చ, నూనె రాసినట్టు మెరుపు. చూసినవాడెవడైనా ఇదీ తోటంటే అంటాడు. ఒక్క మొగ్గ లేదు, ఈ ఏడాదికి రాదు. తూర్పు సగం కట్టెల్లా నిలబడి ఉంది. పోనీ అదైనా బతికుందా? రోజూ పొద్దున ఆ వరుసల్లోకి పోయి కొమ్మను గోటితో గీకి చూసేవాణ్ని. బెరడు కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, గోధుమరంగుంటే పోయినట్టు. ఒక చెట్టు పచ్చన, ఒక చెట్టు గోధుమ. తుపాను దెబ్బో, నా దూప దెబ్బో చెప్పడానికి వీల్లేదు. గులాబ్ బీ మాట విని ఈ ఒక్క ఏడు విడిచిపెట్టి ఉంటే అని ఎన్నిసార్లు అనుకున్నానో.

శివరాత్రి మరునాడు చెంచురామయ్య వచ్చాడు. పడమటి సగం చూసి మొహం విప్పారింది.

"అరె! బతికిందయ్యా సలీం! నేనే తొందరపడ్డాను." వరుసల్లో నడిచి ఆకులు నిమిరాడు. తర్వాత తూర్పువైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. "ఇది మాత్రం పోయింది. ఒక పని చేద్దాం. పచ్చగున్న సగం నీకుంచుతాను, నీ ఇష్టం వచ్చినన్నాళ్లు చేసుకో. ఎండిన సగంలో నేను పామాయిల్ పెట్టుకుంటాను. సోమవారం జేసీబీ వస్తుంది. నీకు సమ్మతమేనా?"

న్యాయమైన మాట. ఇంతకన్నా మంచిగా ఏ యజమానీ మాట్లాడడు. అవునంటే పచ్చని సగం దక్కుతుంది. అది చావదు, వచ్చే ఏడాది పూస్తుంది. కానీ ఈ ఏడాది ఇంట్లోకి పువ్వన్నది రాదు. పువ్వు రాకపోతే వారానికి మూడుసార్లు బస్సెక్కడం ఎలాగో నాకు తెలియదు. కాదంటే, పోయిందో ఉందో తెలియని కట్టెల కోసం బతికిన తోటను చేజేతులా ఇచ్చుకోవాలి. పైగా ఆ పచ్చదనం ఎలా వచ్చిందో ఆయనకు చెప్పాలి. కిడ్నీలు పోయినప్పటినుంచి గులాబ్ బీ తనకు తానుగా లేచి చేసిన పని అదొక్కటే. అది తప్పని ఊరిముందు నా నోటితో అనాలి.

"అది కాదు పటేలా," అన్నాను.

"మాటలు మరిచిపోయావేంటయ్యా? నువ్వేనా?"

గులాబ్ బీ ఎప్పుడొచ్చిందో, గట్టు చివర నిలబడి ఉంది. నాలుగడుగులు వేసి ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ నడిచి వచ్చింది.

"పటేలా, గా పచ్చది తీస్కపోండ్రి."

చెంచురామయ్యకు అర్థం కాలేదు. "అదేంటమ్మా గులాబ్ బీ! బతికింది ఇచ్చి చచ్చింది ఉంచుకుంటారా ఎవరైనా?"

"అది మధ్యల కడుపునిండ తాగింది. ఇగ ఈ ఏడు పూయది. నేనే తాపిన. ఈయన తప్పు ఏం లేదు." ఆమె తూర్పువైపు చెయ్యి చూపించింది. "దూప తెలిసింది గీ సగం. పూస్తె గిదే పూస్తది."

"పూయకపోతే?"

ఆయన నన్ను అడిగాడు. ఆమె కూడా నన్నే చూసింది. నలభై ఎనిమిదేళ్లలో దేనికైనా తడుముకోకుండా జవాబు చెప్పినవాణ్ని.

"తెల్వదు పటేలా," అన్నాను. "కానీ గా ఎండిన సగమే ఉంచండి. ఉగాది దాకా."

ఆయన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీ ఇష్టం," అని పచ్చని ఆకు ఒకటి తుంచి వేళ్ల మధ్య తిప్పుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంట్లోకి వచ్చాక గులాబ్ బీ అడిగింది. "రోజూ పోయి గీకి చూస్తున్నవ్ గద. పదిట్ల ఎన్ని పచ్చగున్నయ్?"

దాచి లాభం లేదు. "ఆరు."

ఆరిపోయిందన్నా అందులో ఆరే ఉంది. నోటిదాకా వచ్చింది, మింగేశాను.

"ఆరా?" అంది. "చాలు."

సోమవారం జేసీబీ వచ్చింది. ఇరవై రెండేళ్ల చెట్లను పెరికి పోగేయడానికి దానికి ఒక్క పూట పట్టలేదు. పచ్చి వేళ్ల వాసన ఇల్లంతా నిండింది. గులాబ్ బీ తలుపు వేసుకోలేదు. గడపలోనే కూర్చుని చివరి వరుస పోయేదాకా చూసింది.

ఆ వారంలోనే రంజాన్ నెలవంక కనిపించింది. మొదటి రోజా నాడు తూర్పు సగానికి నీళ్లు వదిలాం. మోటారు ఆమెనే వేయమన్నాను. నేను ఉపవాసం. ఆమెకు ఉపవాసం వద్దని డాక్టరు చెప్పాడు, కానీ లీటరు లీటరే. పగటిపూట మా ఇంట్లో కడుపునిండా తాగింది తోటొక్కటే.

వారం గడిచింది. ఏమీ లేదు. పది రోజులు. ఏమీ లేదు. నేను గీకడం మానేశాను. గీకిన చోటే మళ్లీ గీకి చెట్టును చంపుతావా అని గులాబ్ బీ తిట్టింది. దవాఖానాకు పోతూ వస్తూ ఇద్దరం తోటవైపు చూడకుండా నడవడం అలవాటు చేసుకున్నాం. రోజా విప్పే వేళ నేను గ్లాసెత్తితే ఆమె వంటింట్లోకి పోయేది. నేను గుక్క సగంలో ఆపేసేవాణ్ని. రెండు రోజులు చూసి మూడోరోజు, "నువ్వన్న పూర్తిగ తాగు, నేను చప్పుడన్న ఇంట," అని ఎదురుగా కూర్చుంది.

పదిహేడో రోజు పొద్దున బయటినుంచి కేక వినిపించింది.

"సుమేరా అబ్బా! కండ్లజోడు పట్టుకరా!"

పరుగెత్తాను. ఆమె నాలుగో వరుసలో కింద కూర్చుని, కొమ్మను రెండు వేళ్లతో పట్టుకుని ఉంది. కణుపు దగ్గర లేతాకు, దాని ఒడిలో ఆవగింజంత తెల్లటి పొక్కు. జోడు పెట్టుకుని చూశాను. తీసి చూశాను. పక్క కొమ్మ మీద మూడు.

"మొగ్గనే గద?" అంది.

"మొగ్గనే."

"సరిగ్గ చూసినవా?"

"చూసిన."

ఇద్దరం ఆ వరుస వెంట మోకాళ్ల మీదే పోయాం. ఆమె అలిసి మధ్యలో కూర్చుండిపోయింది. మిగతా వరుసలన్నీ నేను చూసి, కూర్చున్న చోటికే వచ్చి చెప్పాను. ఇరవై వరుసల్లో పదమూడు లేచాయి. ఏడు లేవలేదు, ఇక లేవవు.

ఉగాదినాడు తెల్లవారక ముందే కోత మొదలుపెట్టాం. ఎండ తగిలితే మొగ్గ వాడిపోతుంది, వాడిన మొగ్గను సంతలో ఎవరూ తీసుకోరు. గులాబ్ బీ స్టూలు వేసుకుని కూర్చుని, చెయ్యందినంత కోసి, స్టూలు జరుపుకుంటోంది. మిషను సూదులు గుచ్చిన ఎడమ చేతిని ఒళ్లో పెట్టుకుని కుడిచేత్తోనే కోస్తోంది. నా గంపలో కన్నా ఆమె గంపలోనే ఎక్కువ ఉన్నాయి.

చెంచురామయ్య కొత్తచొక్కా వేసుకుని వచ్చాడు. వరుసలన్నీ తిరిగాడు. పెరికేసిన పడమటి సగంలో పామాయిల్ గుంతలు వరసగా నోళ్లు తెరిచి ఉన్నాయి. వాటిని చూశాడు, మళ్లీ వచ్చి మా దగ్గర నిలబడ్డాడు.

"సరేనయ్యా. ఈ సగం నీదే. ఇక దీని జోలికి రాను," అన్నాడు. "మరి ఆ లేవని ఏడు వరుసలూ ఏం చేస్తావు? ఊరికే బీడు పెడతావా?"

నేను గంప దించాను. గులాబ్ బీ మొగ్గల మీంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"వానలు పడంగనే కొత్త అంటుమొక్కలు పెడతం పటేలా."

ఆయన ఆమె ఒళ్లోని చేతివైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "కొత్త అంట్లంటే చేతికి రావడానికి మూడేళ్లు పడుతుంది కదమ్మా," అన్నాడు మెల్లగా.

"అవ్," అంది గులాబ్ బీ. "మూడేండ్లు పడతది."

స్టూలు జరుపుకుని పక్క చెట్టు అందుకుంది.